బొజ్జ ఒక్కరిది, బాధ్యత ఊరందరిది

ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెలు. 2003-04లో ఏడాది పొడవునా అక్కడ ఎవరు కన్నుమూసినా ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇంటికి వెళ్లి, ఎలా పోయారో అయినవాళ్లను అడిగి రాసుకున్నారు. లెక్క తేల్చి చూస్తే, పోయినవాళ్లలో 32 శాతం మందిని తీసుకుపోయింది గుండె, రక్తనాళాల జబ్బులే. అంటురోగాలన్నీ కలిపినా అంతమంది లేరు. కాలువ గట్ల మీద, వరిచేల మధ్య బతికే ఊళ్లవి. గుండెపోటు పట్నంలో ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ల జబ్బు అన్న మాట అప్పటికే చెల్లకుండా పోయింది. ఇరవై ఏళ్లు దాటాక కూడా మనం ఆ మాటే పట్టుకు వేలాడుతున్నాం.

నలభై అయిదేళ్ల మనిషి పొద్దున్నే కుప్పకూలితే మన నోట రెండే మాటలు వస్తాయి. ‘పాపం, రాసిపెట్టి ఉంది’ అంటాం. లేదా ‘ఒళ్లు చూసుకోలేదు’ అంటాం. మొదటి మాట నేరాన్ని దేవుడి మీదకు నెడుతుంది, రెండోది పోయినవాడి మీదకే నెడుతుంది. అతను తిన్న పెళ్లి భోజనాలు, నడవడానికి చోటులేని వీధి, పన్నెండు గంటలు కుర్చీకి కట్టేసిన ఉద్యోగం, చదువు పేరు చెప్పి ఆటల పీరియడ్ ఎత్తేసిన బడి, ఇవేవీ విచారణకు రావు. ఆ బొజ్జను అతనొక్కడే పెంచలేదు. మనందరం తలా ఒక చెయ్యి వేశాం. దించడానికీ అందరం చెయ్యి వెయ్యాల్సిందే.

ముందు శత్రువును సరిగ్గా గుర్తుపట్టాలి. 1988లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యుడు జెరాల్డ్ రీవెన్, విడివిడిగా కనిపించే రక్తపోటు, షుగర్, రక్తంలో కొవ్వుల తేడాలు ఒకే వేరు నుంచి పుట్టుకొస్తున్నాయని, ఆ వేరు ఇన్సులిన్ మాటను శరీరం వినకపోవడమేనని చెప్పి, దానికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టాడు. ఇవాళ డాక్టర్లు మెటబాలిక్ సిండ్రోమ్ అంటున్నది దాన్నే. నడుం చుట్టుకొలత, రక్తపోటు, పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్లు పెరగడం, మంచి కొలెస్టరాల్ తగ్గడం, ఈ అయిదింటిలో మూడు కనిపిస్తే అది ఉన్నట్టే. పేగుల చుట్టూ, కాలేయంలో చేరిన కొవ్వు ఊరికే పడి ఉండదు. కొవ్వు ఆమ్లాలను నేరుగా కాలేయానికి పంపుతుంది. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది, అవసరం లేకపోయినా చక్కెర తయారుచేస్తుంది. క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ పోస్తుంది. మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచుతాయి, రక్తపోటు ఎక్కుతుంది. నాళాల గోడలు వాచి, లోపల కొవ్వు పేరుకుంటుంది. ఏళ్ల తరబడి నొప్పి ఉండదు, నలత ఉండదు. ఒకరోజు ఆ పేరుకున్నది చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. దాన్నే మనం ‘ఉన్నట్టుండి’ వచ్చిన గుండెపోటు అంటాం.

‘నేను లావు కాదుగా’ అని ఊపిరి పీల్చుకునేవాళ్లకు ఒక ముచ్చట. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ ఫొటో ఒకటి ‘లాన్సెట్’ పత్రికలో వేయించారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరూ సమానం, బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం తెల్లాయన ఒంట్లో 9.1 శాతం, మనాయన ఒంట్లో 21.2 శాతం. సన్నటి చేతులు, సన్నటి కాళ్లు, మధ్యలో గుండ్రటి పొట్ట, ఇదే మన వాలకం. అందుకే మనవాళ్లకు హద్దు వేరు: మగవాళ్ల నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80. ప్యాంటు సైజును నమ్మకండి, దాన్ని మనం బొజ్జ కింద కట్టుకుంటాం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు దక్షిణాసియా వాళ్లకు మిగతావాళ్లకన్నా అయిదారేళ్లు ముందే వచ్చినట్టు తేలింది. పిల్లలు కాలేజీలో ఉండగా, ఇంటి అప్పు సగం కూడా తీరకుండా వచ్చేస్తుందన్నమాట.

ఇక మన కంచం సంగతి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలైంది, బెరిబెరి మీద పరిశోధన కోసం. తవుడంతా పోయేలా బియ్యాన్ని పాలిష్ పట్టి తినడంతో ముడిపడిన జబ్బు అది. అప్పట్లో మన సర్కారు జిల్లాలను పీడించింది. ఆ సంస్థ 1958లో హైదరాబాద్ వచ్చింది. వందేళ్లు గడిచినా మన బియ్యం మాత్రం ఇంకా తెల్లబడుతూనే ఉంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఆ పథకాన్ని తప్పుపట్టేవాడికి ఆకలి తెలియదంటాను. కానీ జొన్నరొట్టె, రాగిసంకటి, కొర్రన్నం తిన్న మెట్టప్రాంతాలు కూడా వరికి మళ్లాయి. అరకలు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, సైకిళ్లు పోయి బైకులు వచ్చాయి. ఒంటికి పని తగ్గింది, కంచంలో అన్నం మాత్రం నాగలి పట్టిన రోజుల కొలతలోనే ఉంది. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని ఆ తార్నాక సంస్థే 2024లో చెప్పింది. కొర్రలతో గుండె జబ్బే మాయమవుతుందని ఫోన్లలో తిరిగే వీడియోలను నేను నమ్మను. కొర్రన్నమైనా కుండెడు తింటే పొట్ట పెరుగుతుంది. పప్పు, కూర పెరిగి, అన్నం తగ్గాలి. పక్కనున్న కర్ణాటక రేషన్‌లో రాగులు, జొన్నలు ఇస్తోంది. మన దగ్గరా ప్రతి రేషన్ షాపులో అవి దొరకాలని ఊరూరా అడగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు.

అడగకుండా పెట్టేది మాత్రం మన విందుల్లో చాలా ఉంది. బూరె, లడ్డూ, పులిహోర, బిర్యానీ, చివర్లో ఐస్‌క్రీం; చాలు బాబోయ్ అంటే ‘నా మీద ఒట్టే, ఇంకొక్కటి’ అంటూ వడ్డించడం. షుగర్ ఉందని చెప్పినా ‘ఇవాళొక్క రోజుకేం కాదు’ అంటాం. ఆ ఒక్కరోజు ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో పెళ్లిళ్ల సీజన్‌లో మీరే లెక్కపెట్టుకోండి. కాదన్న చేతిని గౌరవించడమూ మర్యాదే. ఊరి పెద్దలారా, కుల సంఘాల నాయకులారా, అన్నదానం జరిపే గుడి కమిటీలారా, ముందు మీరు మొదలుపెట్టండి. రెండు స్వీట్ల చోట ఒకటి, రెండు వేపుళ్ల చోట రెండు కూరలు, కూల్‌డ్రింకు చోట పల్చటి మజ్జిగ పెట్టండి. ఒక్క పెళ్లిపెద్ద తెగిస్తే, వెనక పది పెళ్లిళ్లకు మొహమాటం వదులుతుంది.

విందులు దాటి ఆఫీసుకు వద్దాం. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించిన అధ్యయనం 2025లో వచ్చింది. 84 శాతం మంది కాలేయంలో కొవ్వు చేరింది. ఇది ఒక్కొక్కరి బద్ధకమని ఎలా అంటాం? ఉద్యోగమే అలా తయారైంది. రాత్రి పదింటికి మీటింగులు పెట్టే మేనేజర్లు, ప్రతి పుట్టినరోజుకూ కేకు కోయించే టీములు ఈ లెక్కలో తమ వాటా చూసుకోవాలి.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పొట్ట దగ్గర కొవ్వు హద్దు దాటిన మగవాళ్లు 12 శాతం, ఆడవాళ్లు 40 శాతం. పొద్దున అయిదింటికి లేచి పొయ్యి ముందు నిలబడే ఆవిడతో ‘కాస్త వాకింగ్ చెయ్యొచ్చుగా’ అనేవాళ్లకు సిగ్గుండాలి. ఎప్పుడు చేస్తుంది, ఎక్కడ చేస్తుంది? మగవాళ్లు ఆ పూట టిఫిను పని అందుకోవాలి. వీధిలో దీపం వెలగాలి. పార్కు గేటు తాళం తియ్యాలి. ఇంకొకటి: లావుగా ఉన్న పిల్లలకు పేర్లు పెట్టి పిలవడం, సినిమాల్లో లావుపాటివాళ్లు నడుస్తుంటే ఏనుగు ఘీంకారం వేసి నవ్వడం ఇకనైనా మానాలి. ఎగతాళికి బరువు తగ్గినవాళ్లు లేరు. పదిమందిలోకి రావడం మాత్రం మానేస్తారు.

ఇదంతా జరిగే పనేనా అంటారా? ఫిన్లాండ్ తూర్పు అంచున నార్త్ కరేలియా అనే ప్రాంతం ఉంది. 1970ల మొదట్లో అక్కడ నడివయసు మగవాళ్లు గుండెపోటుతో రాలిపోయేవారు. ఆ లెక్కలో ప్రపంచంలోనే ముందు వరుస వాళ్లది. 1971లో జనమే ప్రభుత్వానికి అర్జీ పెట్టారు, మమ్మల్ని కాపాడండని. మరుసటి ఏడు ముప్పై కూడా నిండని పెక్కా పుస్కా అనే డాక్టరు చేతికి ఆ పని అప్పగించారు. ఆయన ఆసుపత్రిలో కూర్చోలేదు. మహిళా సంఘాలను కలుపుకొని ఊళ్లలో సాయంత్రాలు వెన్న తక్కువ వంటలు వండించి అందరికీ తినిపించాడు. సాసేజ్ తయారుచేసేవాళ్లను ఒప్పించి కొవ్వు కొంత తీయించి పుట్టగొడుగులు కలిపించాడు. పాడి మీద బతికే రైతుల కడుపు కొట్టకుండా బెర్రీ పళ్ల తోటల వైపు తిప్పాడు. కొలెస్టరాల్ ఎవరు ఎక్కువ తగ్గిస్తారని ఊళ్ల మధ్య పోటీలు పెట్టాడు. దశాబ్దాలు పట్టింది. పనిచేసే వయసు మగవాళ్లలో గుండె జబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. వాళ్ల తంటా వెన్నతో, సిగరెట్‌తో; మనది అన్నంతో, నూనెతో, కూర్చోవడంతో. అడుగు ముందు వేసింది డాక్టర్లు కాదు, ఆ ప్రాంత జనం.

మనకు మహిళా సంఘాలు లేవా? మన డ్వాక్రా సంఘాలున్నాయిగా. పొదుపు లెక్కలు చూసుకునే సమావేశంలోనే ఒక టేపు, ఒక బీపీ మిషను పెట్టండి. ముప్పై దాటినవాళ్లను పరీక్షించడానికి ఆశా కార్యకర్త ఇంటికి వస్తే, ఆమె దగ్గరున్న ఫారంలో నడుం కొలత కూడా ఒక ప్రశ్న. నవ్వి పంపెయ్యకండి, కొలిపించుకోండి. కొలత దాటితే భయపడనక్కర్లేదు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన ప్రయోగంలో, షుగర్ అంచున ఉన్నవాళ్లు తిండి సరిచేసుకుని, నడక పెంచినందుకే షుగర్ ముప్పు 28 శాతం తగ్గింది. బీపీకి, షుగర్‌కి మాత్రలు రాసిచ్చి ఉంటే వాటిని మానకుండానే ఇవన్నీ చెయ్యాలి.

వచ్చే గ్రామసభకు, వార్డు సమావేశానికి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకు వెళ్లండి. ఒంటరిగా వద్దు, పదిమంది కలిసి వెళ్లండి. బడిలో ఆటల పీరియడ్, వీధికి నడిచే దారి, చెరువు గట్టు మీద దీపాలు, రేషన్‌లో రాగులు, జొన్నలు, ఈ నాలుగూ అడగండి. సరే అన్నారని లేచి రాకండి. తీర్మానాల పుస్తకంలో రాయించి, ఎప్పటిలోగా చేస్తారో తేదీ వేయించి, కింద మీ సంతకాలు పెట్టి రండి.