ఈత రాని యాత్రలు

తెలుగునాట ఆత్మకూరు అను పేరుగల ఊళ్లు పెక్కు గలవు. నెల్లూరు సీమలో ఒకటి, నల్లమల అంచున ఒకటి, వనపర్తి వైపున మరియొకటి. కనుకనే సూర్యాపేట దాపున నున్న ఆత్మకూరు కచేరీ కాగితములలో ‘ఎస్’ అను అక్షరమొకటి తోడు తెచ్చుకొనవలసి వచ్చినది. అక్షరము తోడు కుదిరినదిగాని, నీరు తోడు కుదురుట అంత సులభము కాలేదు. అది మెట్టసీమ. వాన కరుణించిన యేట చెరువు నిండును. కరుణించని యేట బావి అడుగున బిందె చప్పుడు చేయును. ఇట్టి సీమలో పుట్టినవారికి నీటిపై నుండు మమకారము డెల్టావారికి తెలియదు. ఎత్తునుండి తెల్లగా దూకు నీరు వారికి కన్నుల పండుగ. దాని క్రింద తలయొడ్డి నిలుచుట ఒక పుణ్యము వంటిది.

కావున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల యువకులు సెలవు దొరికినంతనే కొండలకును జలపాతములకును పరుగిడుచున్నారన్న, అందు తప్పుపట్టవలసినది లేదు. నాగార్జునసాగరమునకు సమీపమున చంద్రవంక నీరు 70 అడుగుల ఎత్తునుండి దూకు ఎత్తిపోతల వారికి ఒక్క పూట ప్రయాణము. చదువుకై సముద్రములు దాటినవారు అచ్చటగూడ ఇట్టి చోట్లనే వెదకికొనుచున్నారు. నీరు పిలిచినపుడు పలుకని యౌవనము యౌవనమే కాదు. విచారింపవలసిన సంగతి వేరు. ఆ పిలుపునకు బదులు పలుకుటకు పెద్దలు వారికి ఏ విద్య నేర్పి పంపుచున్నారు?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రములో అధికభాగము ఎండిన నేల. రాతి గోడల నడుమ, ముళ్లజెముళ్లు పెరుగు లోయలలో, ఒక్కొక్కచోట పాతాళగంగ పైకుబికినట్లు ఊటలు పుట్టుచుండును. ఫాసిల్ క్రీక్ అను వాగు అట్టిది. ఏడాది పొడవున ఇంచుమించు 21 డిగ్రీల వెచ్చదనముతో ఊరు ఆ నీటిలో సున్నపు పాలు హెచ్చు. ఆ సున్నము పేరుకొని గట్లు కట్టును. గట్ల వెనుక నీలి మడుగులు నిలుచును. మడుగులపైనుండి నీరు దూకును. దాదాపు నూరేండ్లు విద్యుత్తుకై మళ్లించిన ఆ నీటిని 2005లో తిరిగి వాగునకు విడిచిపెట్టిరి. ఎండలో రాళ్లబాట నడిచిపోయి అచ్చట ఈదుట ఆ రాష్ట్రమువారికి మక్కువయైన వేడుక. 2024 మే నెలలో, చదువు ముగిసిన సంబరముతో మిత్రులను గూడి అచ్చటికి పోయిన ఇద్దరు తెలుగు విద్యార్థులు మడుగులో మునిగి మరణించిరి. అంతకు ముందు నెలలోనే స్కాట్లండులో లిన్ ఆఫ్ టమెల్ అను జలపాతమువద్ద మరి యిద్దరు తెలుగు విద్యార్థులు నీటిపాలైరి. అంతకు పదేండ్ల వెనుక, 2014 జూన్ 8వ తేదీన, హైదరాబాదునుండి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు హిమాచలప్రదేశములోని బియాస్ నదిలో, ఎగువ ఆనకట్టనుండి విడిచిన నీటికి కొట్టుకొనిపోయిరి.

ఈ పట్టిక నిందకొరకు కాదు. కన్నవారి కడుపుకోతపై నిలిచి నీతులు చెప్పుట అధర్మము. కాని ఇవి విడివిడి దుర్ఘటనలని సరిపెట్టుకొనుటకును వీలులేదు. 2022లో ఈ దేశమున నీట మునిగి మరణించినవారు 38 వేలకు పైబడిరని ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. 2021లో ప్రపంచమంతట ఇట్లు మరణించినవారు సుమారు 3 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంతమందిని మ్రింగుచున్న దానిని విధి అని పిలిచి ఊరకుండుట తగునా?

ఇట్టి వార్త వచ్చినపుడెల్ల రెండు మాటలు వినవచ్చును. మొదటిది, పిల్లలను అసలు పోనీయరాదని. ఇది జరుగు పని కాదు. కాళ్లున్నవాడు కొండ ఎక్కును, కన్నులున్నవాడు నీటిని చూచును. రెండవది, ప్రతి జలపాతమునకును తారు బాట వేసి, మెట్లు కట్టి, కటకటాలు బిగించి, హెచ్చరిక బల్లలు నాటవలెనని. ఇది వినసొంపుగా నుండును. ఫలితము మాత్రము తరచు తారుమారగును. బాట బాగుపడిన కొలది, నీటి సంగతి ఎరుగనివారే ఎక్కువగా నీటి ఒడ్డునకు చేరుదురు. బల్లపై వ్రాసిన అక్షరమునకును కన్నుల యెదుట నవ్వుచున్న నీటికిని వాదము వచ్చినపుడు కుర్రవాడు నీటినే నమ్మును.

పూర్వులు ఈ విషయములో వేరొక మార్గము త్రొక్కిరి. నల్లమలలో, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలో, సలేశ్వరమను లోయ గలదు. రెండు చరియల నడుమ ఇరుకైన గండి, దాని కొసన ఎత్తునుండి పడు నీటిధార, ధార క్రింద గుండము, గుహలో లింగమయ్య. చైత్ర పౌర్ణమికి అటునిటు కొలది దినములు మాత్రమే అచ్చట జాతర. అప్పటికి అడవి ఆకు రాల్చి యుండును, రాయి కాలుచుండును. బండి ఆగిన చోటినుండి చరియల అంచున, రాళ్ల సందుల, మైళ్లకొలది నడిచి, లింగమయ్యను కేకవేసి పిలుచుచు జనము లోయలోనికి దిగుదురు. అచ్చట పూజ చేయువారు చెంచులు. తిరుమల కొండలలోని తీర్థములకును ఇట్టి నియమమే కలదు. రామకృష్ణ తీర్థమునకు పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురు తీర్థమునకు ఫాల్గుణ పౌర్ణమి. ఆ దినమున అడవిదారి నడిచి పోవలెను, మునుగవలెను, మరలి రావలెను.

ఈ ఏర్పాటును కేవలము మతాచారమని కొట్టివేయువారు అందలి లోకజ్ఞానమును గుర్తింపకున్నారు. అందు మూడు కట్టుబాట్లు గలవు. ఒకటి, దినము నిర్ణయము. మిగిలిన దినములు ఆ చోటు పులిది, పక్షిది, అడవిబిడ్డలది. రెండు, నడక, శరీరమును శ్రమపెట్టి పోయినవానికి తన బలమెంతో, తిరుగుదారి యెంతో తెలియును. మూడు, ఎరిగినవారి తోడు. చెంచువానికి ఏ రాయి జారునో, ఏ గుండము లోతో చెప్పి యీయ నక్కరలేదు. నేడు సలేశ్వరమునకు జనము మితిమీరి, ఇరుకుదారిలో ఊపిరి సలుపని స్థితి ఏర్పడుచున్న మాట నిజమే. అది కట్టుబాటు దోషము కాదు. కట్టుబాటును సంఖ్య మించుట వలని దోషము.

నడవక చేరుటలోని చిక్కును తెలుగు కవి నాలుగైదు వందల యేండ్ల క్రిందటనే కనిపెట్టినాడు. అల్లసాని పెద్దన మనుచరిత్రములో ప్రవరుడు తీర్థములు చూడ ముచ్చటపడును. సిద్ధుడొకడు పాదములకు పసరు పూయగా రెప్పపాటులో హిమాలయము చేరును. అచ్చటి అందములన్నియు చూచి మరలబోవునప్పటికి ఆ పసరు మంచునీటికి కరగిపోయినది. వచ్చిన దారి కాలికి తెలియదు. కనుక పోవు దారియు తెలియదు. తరువాతి కష్టములన్నిటికిని అదియే మూలము. పెద్దన ఆ పసరునకు మోటారుబండి అని పేరు పెట్టలేదు. నేటి విహారి కాలికి పూసికొనుచున్న పసరు మాత్రము అదియే. ఉదయము పట్టణమున కాఫీ త్రాగి, మధ్యాహ్నమునకు కొండకోన చేరి, దుస్తులు విప్పి మడుగున దూకువానికి ఆ కోనతో పరిచయము ఎంత? గడియ సేపు.

ఎడారి లోయలనే తీసికొన్నను, ఈ ధర్మమును పాటించుచున్నవారు అమెరికాలోనే కలరు. అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ ప్రాంతమున హవాసుపాయి అను ఆదివాసులు కాపురముందురు. నీలిపచ్చ నీటి మనుష్యులని ఆ పేరునకు అర్థము. వారి సుపాయి గ్రామమునకు మోటారు దారి లేదు. ఉత్తరములు నేటికిని కంచరగాడిదల మీద పోవును. లోకమంతయు మెచ్చు హవాసు జలపాతమును చూడగోరువారు ఆ తెగవారి అనుమతి ముందుగా పొందవలెను. కొండ కొమ్మునుండి గ్రామమునకు నడక 8 మైళ్లు, జలపాతమునకు మరి రెండు. ఉదయము పోయి సాయంకాలము మరలుటకు అనుమతి లేదు. తమ పూర్వుల భూములలో పెద్ద భాగమును 1975లో తిరిగి పొందిన ఆ చిన్న జాతి, దారిని సుఖము చేయక, దూరమునే కాపలాగా నిలుపుకొన్నది.

సలేశ్వరమున్న అడవి నేడు అమ్రాబాదు పులుల అభయారణ్యములో చేరినది. అచ్చటికి ఏడాది పొడవున బండ్లు పోవు బాట కావలెనని కోరువారు, ఆ బాటవెంట ఏమి పోవునో తలపవలెను. ప్లాస్టిక్ సీసాలు పోవును, పాటల పెట్టెలు పోవును, సారా పోవును. చెంచుల మౌనము మాత్రము తిరిగి రాదు. దూరముగా నుండుట కొన్ని చోట్లకు లోపము కాదు, లక్షణము.

అయితే నడక యొక్కటియే చాలదు. నడక నీటి ఒడ్డువరకు చేర్చును; నీటిలో నిలుపునది ఈత. ఆత్మకూరు వంటి మెట్టసీమలో మోటబావులున్న కాలమున ఈతకు వేరే బడి అక్కరలేకపోయెను. నడుమునకు ఎండిన సొరబుర్రయో, బెండ్లో కట్టి, పిల్లవానిని బావిలో దింపి, ప్రక్కన పెద్దవాడొకడు ఈదుచుండెడివాడు. నాలుగు దినములకు ఒక బెండు తీసివేయుదురు. పది దినములకు పిల్లవాడు గట్టుమీదినుండి దూకును. తరువాత కరెంటు మోటార్లు వచ్చినవి. తరువాత బోర్లు వచ్చినవి. బావులు ఎండినవి, కొన్ని పూడినవి. జానెడు వెడల్పైన లేని గొట్టమునుండి పొలమునకు నీరు వచ్చుచున్నది. బోరులో నీరుండును గాని ఈత యుండదు. ఒక తరము గడచునప్పటికి, తండ్రికి కాలువంత సులభమైన విద్య కొడుకునకు కరవైపోయినది.

గతమంతయు బంగారమని ఇందువలన తలపరాదు. ఆ బావులు కూడ ప్రాణములు తీసినవి. ఆడుపిల్లకు ఈత నేర్పిన ఇల్లు ఊరికి ఒకటి రెండైన నుండెనో లేదో. అంటరానితనము పేర కొందరిని బావిగట్టు తొక్కనీయని ఊళ్లు దేశమంతట నుండెడివి. 1927లో మహద్‌లోని చవదార్ చెరువు నీటికై అంబేద్కరు వేలమందితో నడిచిపోవలసి వచ్చిన దేశమిది. కాబట్టి తిరిగి తేవలసినది ఆ కాలము కాదు; ఆ విద్య మాత్రమే. అదియు ఈసారి అందరికి.

బావిలో ఈదినవాడు జలపాతమును జయింపగలడని భ్రమపడుటయు ప్రమాదమే. నిలిచిన నీరు వేరు, దూకు నీరు వేరు. ధార పడుచోట నీటిలో గాలి నురుగు కలిసిపోవుటచే ఆ నీరు మనిషిని తేల్చు శక్తి తగ్గిపోవును. పడిన నీరు అడుగునకు పోయి, మరల ధార వైపునకే లాగును. తేటనీటిలో లోతు తక్కువగా కానవచ్చును. పాచి పట్టిన రాయి గాజువలె జారును. ఎగువ కురిసిన వాన ఎండకాయుచున్న లోయకు హఠాత్తుగా వరదయై వచ్చును. ఈత వచ్చినవానికి ఇవి చెప్పిన అర్థమగును. రానివానికి చెప్పినను కథవలె వినును. నీటిలో ఒకసారి ఊపిరి బిగబట్టి తేలినవానికే నీటి భయము సరియైన పాళ్లలో అబ్బును. ఈత ధైర్యమును మాత్రమే నేర్పునని లోకులు తలంతురు. ఎప్పుడు దిగరాదో నేర్పుటయే దాని పెద్ద మేలు.

దీనికి పట్టణములలోవలె లక్షలు పోసి తటాకములు కట్టనక్కరలేదు. బంగ్లాదేశములో ఊరి చెరువులలోనే వెదురుతో చట్రములు కట్టి, వాని నడుమ పిల్లలకు ఈత నేర్పుచున్నారు. బడి యీడు పిల్లలకు ఈతయు, నీటిలో పడినవానిని కాపాడు ఉపాయమును నేర్పుట మరణములను తగ్గించు మార్గములలో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సూర్యాపేట జిల్లాలో చెరువులకు లోటు లేదు. కాకతీయుల కాలమున రేచెర్ల రెడ్లు గుడి కట్టినచోట చెరువును మరువలేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ వలన పెక్కు చెరువుల పూడిక తీసిరి. పూడిక తీసిన చెరువు వరికి, చేపకు ఉపయోగపడినట్లే పిల్లలకును ఉపయోగపడవలదా? మండలమునకు ఒక చెరువు. అందు నడుములోతు మించని ఒక మూల. ఆ మూల చుట్టును వెదురు దడి, ఒక త్రాడు, నాలుగు బెండ్లు. చేపలు పట్టు సంఘములనుండి జీతమిచ్చి కుదిర్చిన ఇద్దరు ఉపాధ్యాయులు, అందొకరు స్త్రీ. వానలు వెలసిన పిదప రెండు నెలలు, వారమునకు రెండు గంటలు. బడి పట్టికలో వ్యాయామమునకు చోటున్నది. దానిలోనే ఇది ఇమిడిపోవును.

ఆత్మకూరు బడిలో చదువు బాలిక యొకతె రేపు సలేశ్వరమునకు పోవచ్చును, ఎల్లుండి అరిజోనాకు పోవచ్చును. ఆమె వెంట తల్లి రాలేదు, తండ్రి రాలేడు, హెచ్చరిక బల్ల రాదు. వెంట వచ్చునది కాలికి అలవాటైన నడక, ఒంటికి అబ్బిన ఈత. జలపాతమును ఊరి ముంగిటికి తెచ్చుటకై చేయుచున్న వ్యయములో పదియవ వంతు ఈతను ఊరిచెరువునకు తిరిగి తెచ్చుటకు చేసిన చాలును. అప్పుడు కొండలోని నీరు కొండలోనే దూరముగా నుండును. చూడబోయిన బిడ్డలు ఇంటికి మరలి వత్తురు.