తొమ్మిదేళ్ళ దగ్గరే ఆపేశాం

మాండొలిన్ శ్రీనివాస్ పేరెత్తగానే మనవాళ్ళ దగ్గర ఒకే కథ. పాలకొల్లు పిల్లాడు, 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ, అప్పటికి తొమ్మిదేళ్ళు. గుడివాడంటే మా పామర్రుకి బస్సులో కాసేపే, కాబట్టి మావాళ్ళు ఇంకాస్త గర్వంగా చెప్తారు. సరే, ఆ తర్వాత? పద్మశ్రీ, 2014లో మరణం. మధ్యలో ఆయన ఏం వాయించాడని అడిగితే మాట మార్చేస్తారు.

నా గొడవంతా ఒక ఆల్బమ్ గురించి. 'ద బిలీవర్', రిమెంబర్ శక్తి బృందం, 2000. గిటార్ జాన్ మెక్లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, కంజీర, ఘటం సెల్వగణేష్, మాండొలిన్ మన శ్రీనివాస్. జాజ్ వినే మన కుర్రకారు దీన్ని మెక్లాఫ్లిన్ ఆల్బమ్ అంటారు. మహావిష్ణు ఆర్కెస్ట్రా గురించి గంటసేపు చెప్పగలిగిన వాడు కూడా ఇక్కడికొచ్చేసరికి "మాండొలిన్ కూడా బావుంటుంది" అని ఊరుకుంటాడు. కూడా ఏంటండీ? సంప్రదాయం వాళ్ళయితే ఫ్యూజన్ అనగానే కల్తీ అని వినడమే మానేస్తారు. రెండు వైపులా జరిగేది ఒకటే, ఆ మనిషి వాయించింది ఎవరూ వినరు.

1970లలో మొదటి శక్తి కోసం మెక్లాఫ్లిన్ ప్రత్యేకంగా గిటార్ చేయించుకున్నాడు. మెట్ల మధ్య చెక్కని గుంటలుగా చెక్కించాడు, గమకం పలకాలంటే తీగ లాగడానికి చోటు కావాలి కదా. శ్రీనివాస్‌కీ అదే చిక్కు. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జతలు. జత తీగల్ని లాగి గమకం తియ్యడం నరకం. పైగా మీటిన నాదం ఇట్టే చచ్చిపోతుంది. ఆయన అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి వెళ్ళాడు. ఇదంతా ఇంజనీరింగే (మా ఆఫీసులో ఇంతకంటే చిన్న పనికి పేటెంట్ వేస్తారు). ఒకే సమస్య మీద ఇద్దరు పనిచేశారు. ఒకరిని ప్రయోగశీలి అంటాం, ఇంకొకరిని బాలమేధావి అంటాం.

ఆల్బమ్‌లో 'లోటస్ ఫీట్' వినండి. మెక్లాఫ్లిన్ పాత రచన, నెమ్మదైనది. వేగంతో దాక్కునే వీలు లేదు. మాండొలిన్ ఒక స్వరాన్ని పట్టుకుని పక్క స్వరం అంచుదాకా జార్చి, అక్కడ దిగకుండా వెనక్కి తెస్తుంది. గిటార్‌కి ఎప్పుడూ ఒక కార్డ్ మీద నిలబడాలన్న పాత అలవాటు ఉంటుంది, మాండొలిన్‌కి ఆ అవసరమే లేదు. నా చెవికి ఇందులో పెద్దరికం మాండొలిన్‌దే. మీకు అలా అనిపించకపోతే వాదించుకుందాం, కానీ విని రండి.

1999 యూరప్ పర్యటనలో రికార్డు చేసినవి ఇవన్నీ. అప్పటికి ఆయన వయసు ముప్పై.