అన్నది ఒకడు, నవ్వింది పదిమంది

క్లాసులో తనను ‘సోడాబుడ్డి’ అంటున్నారనో, ఆటలో చేర్చుకోవడం లేదనో పిల్లాడు ఇంటికొచ్చి చెబితే మనకు తోచే జవాబులు రెండే. ‘నువ్వూ ఒకటి తగిలించు’ అని ఒకరంటే, ‘పట్టించుకోకు, వాళ్లే మానేస్తారు’ అని ఇంకొకరంటారు. పైకి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించినా రెండింటి అర్థమూ ఒకటే: నీ తంటా నువ్వే పడు. ఇది ఆ ఒక్క పిల్లాడి తంటా అనుకోవడంలోనే ఉంది చిక్కంతా.

1982 చివర్లో నార్వేలో ముగ్గురు అబ్బాయిలు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల వేధింపులే కారణమన్న మాట దేశాన్ని కుదిపేసింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం బడులన్నింటా నివారణకు పూనుకుంది. ఆ కృషికి దారి చూపిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ తగవుకీ వేధింపుకీ మధ్య గీత గీశాడు: వేధింపు పదేపదే జరుగుతుంది, ఇరువైపులా బలం సమానంగా ఉండదు. అలాంటిచోట తిరిగి కొట్టమనడమంటే ఇంకో దెబ్బ తిని రమ్మనడమే. పోనీ, పట్టించుకోకపోతే? కెనడాలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ తదితరులు బడి ఆటస్థలాల్లో పిల్లల్ని వీడియో తీసి చూస్తే, నూటికి 88 ఘటనల్లో చుట్టూ వేరే పిల్లలున్నారు. నవ్వడానికి వాళ్లున్నప్పుడు, ఏడిపించేవాడికి మనవాడు ఉలికినా ఉలకకపోయినా ఒకటే. అదే చూస్తున్నవాళ్లలో ఎవరైనా అడ్డుపడితే సగానికి పైగా సందర్భాల్లో వేధింపు 10 సెకన్లలోపే ఆగిపోయిందని 2001లో ఆ పరిశోధకులు ప్రకటించారు. ఫిన్లాండ్ బడుల్లోని ‘కివా’ అనే వేధింపుల నివారణ కార్యక్రమం ముఖ్యంగా గురిపెట్టేదీ ఈ చూసేవాళ్ల మీదే.

కాబట్టి పిల్లాడిని గట్టిపరచడం కంటే, వాడి పక్కన ఒక్కరైనా ఉండేలా చూడడం ముందు పని. పుట్టినరోజున క్లాసంతటికీ చాక్లెట్లు పంచితే ఆ పూట గడుస్తుందేమో గానీ, స్నేహం కుదరదు. వాడికి కాస్త నచ్చిన ఒక్కరిని ఆదివారం ఇంటికి పిలిచి ఆడుకోనివ్వడం మేలు. ‘మా రోజుల్లో ఇవి లేవా, వీటివల్లే రాటుదేలాం’ అనే పెద్దలుంటారు. రాటుదేలినవాళ్లే ఆ మాట అనగలరు. నలిగిపోయినవాళ్లు అనరు కదా. 1958లో ఒకే వారంలో బ్రిటన్‌లో పుట్టినవాళ్లను దశాబ్దాలపాటు గమనిస్తే, 7, 11 ఏళ్లప్పుడు తరచూ వేధింపులకు గురైనవాళ్లలో నడివయసులో కూడా కుంగుబాటు ఎక్కువగా కనిపించింది.

టీచరుకు చెబితే ఇంకా ఎక్కువ చేస్తారన్న భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. ఇద్దరినీ క్లాసు ముందు నిలబెట్టి సారీ చెప్పిస్తే, ఆ కక్షంతా సాయంత్రం ఆటోలో తీర్చుకుంటారు. అలాగని నేరుగా అవతలివాళ్ల గుమ్మం తొక్కితే పిల్లల తగవు పెద్దల పట్టింపుగా, ఒక్కోసారి కులాల గొడవగా కూడా మారుతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరు ఉండగా జరిగిందో రాసుకుని టీచరుతో విడిగా మాట్లాడాలి. శిక్ష వేయమని అడగనక్కర్లేదు. ఇంటర్వెల్‌లో ఎవరు చూస్తున్నారు, వాడి బెంచీలో ఎవరిని కూర్చోబెడతారు అని అడిగితే చాలు. వారం తర్వాత మళ్లీ వెళ్లి ఏం చేశారో కనుక్కోవాలి. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అరగంట మాట్లాడే మనం, మనవాడు నవ్విన పదిమందిలో ఉన్నాడేమో అని అడగడం మాత్రం అరుదు.