అడగందే అమ్మైనా పెట్టదు – మరి మనం ఎవర్ని అడగాలి?



నేను 9వ తరగతి చదువుచున్నాను. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. మా నాయన ఇప్పటికీ వేలిముద్ర వేస్తాడు. పోయిన నెల కంప్యూటర్ గదిలో నాకు జరిగిన సంగతి చెప్పి, దాని మీద నా అభిప్రాయం రాస్తున్న. పెద్దలు కోపగించుకోవద్దని మనవి.

మనకు కంప్యూటర్ క్లాసులో పైతాన్ భాష మొదలుపెట్టినారు. కొండచిలువ అని మనమంతా నవ్వినాం గుర్తుందా? పాముతో దానికి సంబంధం లేదు. నెదర్లాండ్స్ దేశస్తుడు గైడో వాన్ రోసమ్ 1989 చివర్లో దీన్ని రాయడం మొదలుపెట్టి 1991లో అందరి ముందు పెట్టినాడు. ఇంగ్లాండు టీవీలో వచ్చిన ఒక హాస్య కార్యక్రమం పేరులోంచి ఈ పేరు తీసుకున్నాడు. ఇది ఓపెన్ సోర్స్ భాష. అంటే పైసా కట్టనక్కర లేదు. లోపల ఎట్ల రాసినారో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. మన అడవిలో ఇప్పపువ్వు ఏరుకున్నట్టే, ఎవరికి కావాలంటే వాళ్ళది.

కానీ ఇప్పపువ్వు ఏరడం నాకు మా అవ్వ నేర్పింది. ఎప్పుడు పోవాలి, ఎట్ల ఎండబెట్టాలి అన్నీ అడిగితే చెప్పింది. పైతాన్‌కు అవ్వ ఎవరు? ఇదే నా ప్రశ్న.

లైబ్రరీలో ఉన్న పైతాన్ పుస్తకం తీసుకొని మొదటి లెక్క అచ్చం అందులో ఉన్నట్టే కొట్టిన. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చినాయి. మళ్ళీ కొట్టిన. మళ్ళీ అదే. మూడు రోజులు అట్లనే అయింది. నా పక్క మంచం స్నేహితురాలు "ఇది మనకు వచ్చేది కాదు లే" అని ఆ రోజు నుంచి కంప్యూటర్ గదికి రావడమే మానేసింది. నేను కూడా అదే అనుకున్న. చదువుకున్న ఇంటి పిల్లలయితే తప్పు వస్తే పుస్తకాన్ని అనుమానిస్తారు. మనం ముందు మనల్ని అనుమానిస్తాం.

నాలుగో రోజు ఆ ఎర్ర అక్షరాలను నోటు పుస్తకంలో దించుకొని డిక్షనరీ పట్టుకొని కూర్చున్న. "మిస్సింగ్ పేరెంథసిస్" అని ఉంది. పేరెంథసిస్ అంటే బ్రాకెట్లు. ప్రింట్ అన్న మాట తర్వాత బ్రాకెట్లు పెట్టలేదని అది మొదటి రోజు నుంచీ చెప్తూనే ఉంది! పుస్తకంలో బ్రాకెట్లు లేవు. పుస్తకం మొదటి పేజీలో చూస్తే పైతాన్ 2.7 అని ఉంది. మన కంప్యూటర్ తెర మీద 3 తో మొదలయ్యే అంకె ఉంది. పైతాన్ 3 వచ్చింది 2008లో. పాత పైతాన్ 2 ను బాగుచేయడం 2020 జనవరి 1 తో ఆపేసినారు. పుస్తకం పాతది. నేను మొద్దుదాన్ని కాదు.

ఇంకో సంగతి. రెండు డార్మిటరీల పిల్లల సంఖ్య అడిగి కూడే లెక్క కొట్టిన. 48, 52 ఇచ్చిన. పుస్తకంలో అట్లాంటి లెక్కకు మంచిగ కూడిక వచ్చింది. నాకు 4852 వచ్చింది! "మన హాస్టల్లో 4852 మందా, అన్నం ఎవరు వండుతారు" అని అందరూ నవ్వినారు. ఈసారి నేను ఏడవలేదు. హెల్ప్ అని కొట్టి బ్రాకెట్లలో ఇన్‌పుట్ అని పెట్టిన. ఇంటర్నెట్ లేకుండానే జవాబు వచ్చింది. ఇన్‌పుట్ అనేది స్ట్రింగ్‌ను చదువుతుంది అని ఉంది. డిక్షనరీలో చూస్తే స్ట్రింగ్ అంటే దారం, తాడు. పిల్లల లెక్కకు దారం ఏంది? రెండు రోజులు అక్కడే ఆగిపోయిన. తర్వాత పాఠం చదివితే తెలిసింది. ఇక్కడ స్ట్రింగ్ అంటే దండ గుచ్చినట్టు వరసగా ఉన్న అక్షరాలు. పైతాన్ 3 మనం ఇచ్చిన 48ని అంకెగా కాదు, అక్షరాలుగా తీసుకుంటుంది. 48 పక్కన 52 గుచ్చితే 4852. ఇంట్ అనే మాటతో వాటిని అంకెలుగా మారిస్తే 100 వచ్చింది.

దీని నుంచి నాకు అర్థమైంది ఒక్కటే. ఊరికే ఇచ్చినంత మాత్రాన ఒక వస్తువు అందరిదీ అయిపోదు. అడిగే చోటు కూడా అందుబాటులో ఉంటేనే అది మనది అవుతుంది. బావి అందరిదే కావచ్చు, చేద లేనివాళ్ళకు నీళ్ళు రావు కదా.

చేద ఎక్కడ ఉందో నేను చూసినంత వరకు చెప్తున్న:

1. మొదట అంకె చూడండి. పుస్తకం మీద 2 ఉందా 3 ఉందా చూసి, 3 ఉన్నదే చదవండి.

2. ఎర్ర అక్షరాలను తిట్టుగా అనుకోవద్దు. చివరి వరస ముందు చదవండి. ఏం తప్పో అక్కడ ఉంటుంది. ఎన్నో వరసలో అన్నది దాని పైన ఉంటుంది.

3. హెల్ప్ అని కొట్టి, తెలియని మాటను బ్రాకెట్లలో పెట్టండి. కరెంటు ఉంటే చాలు, సిగ్నల్ అక్కర లేదు.

4. విండోస్ కంప్యూటర్లో పైతాన్ ఎక్కించేటప్పుడు డాక్యుమెంటేషన్ అనే గడిలో టిక్ తీసేయకుంటే, దాని గ్రంథాలన్నీ దానితోనే వస్తాయి. ఐడిల్ తెరిచి ఎఫ్1 మీట నొక్కితే కనబడతాయి. అందులో ట్యుటోరియల్ అన్నది పాఠం. లైబ్రరీ రిఫరెన్స్ అన్నది పనిముట్ల జాబితా. కొత్తవాళ్ళు ముందు పాఠమే చదవాలి. తప్పుల గురించి 8వ అధ్యాయం ఉంది.

5. అయినా తెలియకపోతే మనిషిని అడగాలి. అడిగేటప్పుడు "రావట్లేదు సార్" అంటే ఎవరికీ అర్థం కాదు. నేను ఏం కొట్టిన, ఏం వస్తదనుకున్న, ఏం వచ్చింది - ఈ మూడూ కాగితం మీద రాసి అడగాలి. సగం సార్లు రాస్తుంటేనే జవాబు దొరుకుతుంది.

కొందరు పెద్దలు "పిల్లలకు ఇంటర్నెట్ ఇస్తే చెడిపోతారు" అంటారు. వాళ్ళ భయం నాకు తెలుసు. కానీ పైన చెప్పినవాటిలో దేనికీ ఇంటర్నెట్ అక్కర లేదు. గ్రంథాలన్నిటినీ ఒకసారి దింపి పెన్‌డ్రైవ్‌లో తెస్తే చాలు. బయటివాళ్ళను అడగాల్సి వస్తే సార్ ముందు, సార్ పేరుతోనే పంపుదాం. మన పేర్లు, ఊర్లు రాయనక్కర లేదు.

ఇంకొందరు "ఇంగ్లీషు రాకుండా ఇవి ఎందుకు" అంటారు. నిజమే, ఆ గ్రంథాలు ఇంగ్లీషులో ఉన్నాయి. కానీ జపాను వాళ్ళు, కొరియా వాళ్ళు, ఫ్రెంచి వాళ్ళు, స్పానిష్ మాట్లాడేవాళ్ళు తమ భాషల్లోకి రాసుకుంటున్నారు. ఎవరో జీతమిచ్చి రాయిస్తారని వాళ్ళు కూర్చోలేదు. పైతాన్ 3 లో తెలుగు అక్షరాలు నడుస్తాయి. అవ్వ అని తెలుగులో పేరు పెట్టి దానికి 70 అని ఇస్తే పైతాన్ ఒప్పుకుంది! మన జిల్లా గుంజాల ఊరి పేరు మీద ఉన్న గోండి లిపికి కూడా 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. భాష మన అక్షరాలను రానిచ్చింది. ఇక దాని గురించి మన మాటల్లో రాసుకోవడం మన పని.

అందుకని నా విన్నపాలు మూడు. ఒకటి, ఆదివారం ఒక గంట కంప్యూటర్ గది తెరిచి ఉంచాలి. రెండు, ఆ పాత పుస్తకం మీద "ఇది పైతాన్ 2 ది" అని చీటీ అంటించాలి. పారేయమని అనడం లేదు, మన తర్వాత వచ్చే 8వ తరగతి చెల్లెళ్ళు మూడు రోజులు ఏడవకూడదని అంటున్న. మూడు, కంప్యూటర్ గదిలో దారం కట్టి ఒక నోటు పుస్తకం వేలాడదీయాలి. దానికి తప్పుల పుస్తకం అని పేరు పెడదాం. ఎవరికి ఏ ఎర్ర అక్షరాలు వచ్చినా అందులో దించి, ఎట్ల బాగైందో కింద తెలుగులో రాయాలి. గోండిలో చెప్తేనే తెలిసేది ఉంటే గోండిలో రాయండి.

తప్పు రాసినందుకు ఎవర్నీ నవ్వొద్దు. మొదటి పేజీ నేను రాసిన. 4852 అని పెద్దగా ఉంటుంది. నా పక్క మంచం స్నేహితురాలి కోసం రెండో పేజీ ఖాళీగా వదిలిపెట్టిన.

తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని