అద్దె తెచ్చు ఆస్తి, అద్దె లేని ప్లాటు

హైదరాబాదునుండి వరంగల్లు పోవు రహదారిపై జనగామ దరిసినకొలదిని పైరు పొలముల నడుమ హద్దురాళ్లు పాతిన వెంచరులు కానవచ్చును. మహబూబాబాదున మిరప నమ్ముకొన్న రైతును, భూపాలపల్లిలో సింగరేణి కొలువు విరమించి గ్రాచ్యుటీ చేతబట్టిన కార్మికుడును మొదట తలంచునది యీ ప్లాటునే. వారిని తప్పుపట్టజాలము. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన సీమ యిది. భూమి యనగా నిచ్చటివారికి బ్రదుకును, పరువును.

కాని సేద్యపు నేల వేరు, ప్లాటు వేరు. నేల పంట నిచ్చును. ప్లాటు పదియేండ్లు పడియున్నను పైసా యద్దె తేదు. అమ్మబోయిననాడు కొనువాడు దొరకవలెను. మానుకోట జిల్లా ఏజెన్సీ గ్రామములలోనైతే, 1970 నాటి 1వ రెగ్యులేషను ననుసరించి గిరిజనేతరుని కొనుగోలే చెల్లదు. ఈ సంగతిని ఏజెంట్లు ఏల చెప్పుదురు? నెలనెలా ఖర్చులకు ధనము కావలసిన వృద్ధునకు ఇట్టి ఆస్తి ఆదాయ మెట్లగును?

అట్టివా రెరుగదగిన మార్గ మింకొకటి కలదు. స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులు, వాడుకలో రీట్‌లు, అమెరికాలో 1960లో శాసనబద్ధములై, మన దేశమున 2014లో సెబీ నిబంధనలచే నేర్పడినవి. కార్యాలయ భవనములను, వాణిజ్య సముదాయములను ట్రస్టు వహించును. అందలి పాళ్లు యూనిట్లుగా స్టాక్ ఎక్స్ఛేంజిలో విక్రయింపబడును. ఆస్తి విలువలో నూటికి 80 వంతులు పూర్తియై అద్దె తెచ్చునదిగా నుండవలెను. పంపిణీకి మిగిలిన నగదులో నూటికి 90 వంతులు ఆరు మాసముల కొకమారైనను పంచవలెను. 2019లో ఎంబసీ మొదటిదిగా వచ్చెను. 2020లో వచ్చిన మైండ్‌స్పేస్ ఆస్తులలో మాధాపురపు భవనములు కలవు. మొదట రెండు లక్షలు లేనిదే ప్రవేశము లేకుండెను. 2021 నుండి డీమ్యాట్ ఖాతా గలవారు ఒక్క యూనిట్‌నైనను కొనవచ్చును.

మాధాపురపు మేడల యద్దె కోటీశ్వరులకును, విదేశీ నిధులకును మాత్రమే చెందవలెనని ఏ శాస్త్రమున నున్నది? జనగామ గృహస్థు నందొక పాలు పొందుటను మేము స్వాగతింతుము.

అయినను, ‘వృద్ధి’ యను మాటను నమ్మి మోసపోరాదు. 2021లో 275 రూపాయలకు వచ్చిన బ్రూక్‌ఫీల్డ్ యూనిట్ 2023లో అంతకంటె తక్కువకు దిగెను. ఉద్యోగులు ఇంటినుండి పనిచేసిన కాలమున కార్యాలయములు వెలవెలబోయిన సంగతి మరువదగినది కాదు. వడ్డీ రేట్లు పెరిగినపుడు యూనిట్ల ధర తగ్గుట సహజము. చేతికి వచ్చు సొమ్మంతయు నిక్కమైన ఆదాయమును కాదు. అందు కొంత ఋణ చెల్లింపు పేర తిరిగివచ్చు మన మూలధనమే. ఇక, నెలకింత యద్దె ఖాయమని కరపత్రములు పంచువారి పథకములు రీట్‌లు కావు. సెబీ నమోదును చూపుమని యడుగవలెను.

పంట భూమి నమ్మి యూనిట్లు కొనుమని మేము చెప్పుట లేదు. రెండవ ప్లాటునకై దాచిన సొమ్ములో నొక భాగమును గూర్చియే మా మాట. ఈ ట్రస్టుల పత్రములు ఆంగ్లమున వందల పుటలు నిండియున్నవి. అద్దె యెంత వచ్చెను, భవనములలో నెంత ఖాళీగా నున్నది, అప్పెంత — ఈ మూడింటిని తెలుగున నొక్క పుటలో ప్రకటింపుమని సెబీ వారు ట్రస్టులను శాసింపవలెను.