చెక్కినవాడి పేరు

ఈ మధ్య హైదరాబాదులో ఒక డిజైన్ పురస్కారం, కొండపల్లి బొమ్మల ‘ప్రేరణ’తో చేసిన గృహాలంకరణ సామగ్రికి దక్కింది. కేటలాగు గరికపాడులోని మా పత్రిక కార్యాలయానికీ వచ్చింది. నున్నటి కాగితం, ఖరీదైన అచ్చు, డిజైనరుకి నిండు పేజీ ఫొటో. ఫొటోలు తీసినవారి పేరుంది, దీపాల ఏర్పాటు చూసినవారి పేరుంది, ప్రెస్సు పేరూ ఉంది. బొమ్మలు చెక్కినవాళ్ల సంగతి మాత్రం ఆఖరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో: ‘స్థానిక కళాకారుల సహకారంతో’.

సహకారమట! తెల్ల పొణికి చెక్కను ఆరబెట్టి, తొండం వేరుగా అంబారీ వేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, మేక వెంట్రుకల కుంచెతో ఏనుగుకి కన్ను దిద్దినవాడు సహకరించాడు. కంప్యూటరు మీద ఆ ఏనుగుకి రంగు మార్చినవాడు సృష్టించాడు!

కళలో అరువు కొత్తేమీ కాదు, కొండపల్లిలో ఈ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియుల పూర్వులే రాజస్థాన్ నుంచి వచ్చారంటారు కదా అని కొందరి వాదన. అరువు మీద మాకు పేచీ లేదు. అరువిచ్చినవాడి పేరు మింగేయడం మీదే పేచీ.

2021 జూన్‌లో ఫ్యాషన్ సంస్థ డియోర్ ఏథెన్స్ స్టేడియంలో ప్రదర్శన పెట్టినప్పుడు సూఫ్లీ ఊరి పట్టు నేతనూ, అర్గోస్‌లో ఎంబ్రాయిడరీ చేసే అరిస్తీదిస్ జోనెవ్రాకిస్‌నూ పేరుపెట్టి చెప్పుకుంది. ధర్మబుద్ధి అనుకోనక్కర్లేదు, వ్యాపారమే. అయినా పేరు చెప్పింది. 2025 జూన్‌లో ప్రాడా మిలాన్ వేదిక మీద కొల్హాపురి చెప్పుల్ని ఊరి పేరెత్తకుండా నడిపించింది. దేశమంతా గోలపెట్టాక గానీ ఒప్పుకోలేదు. మన డిజైనరుకి ఆ గోల భయం కూడా లేదు. కొండపల్లి వాళ్లు గోలపెట్టరని ఆయనకు తెలుసు.

భౌగోళిక గుర్తింపు ఉందిగా అంటారా? ఆ గుర్తింపునిచ్చే 1999 చట్టం కాపాడేది ఊరి పేరును. వేరేచోట చేసిన బొమ్మను కొండపల్లి బొమ్మ అని అమ్మితే తప్పు. అంబారీ ఏనుగును దుప్పటి మీద అచ్చేసి ‘ప్రేరణ’ అంటే ఆ చట్టం పలకదు. పైగా అందులో ఉన్నది ఊరే, మనిషి కాదు.

మనిషి పేరు అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. మా చెక్‌పోస్టు దాటితే వచ్చే జగ్గయ్యపేటలో, 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ పరిశీలించిన స్తూపం దగ్గర ఇక్ష్వాకుల నాటి శాసనాలు దొరికాయి. వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో తూర్పు ద్వారాన అయిదు ఆయక స్తంభాలు నిలిపినవాడు ఆవేసని సిద్ధార్థుడు, ఆవేసని నాగచంద్రుడి కొడుకు, నడతూరు గ్రామస్థుడు. ఆవేసని అంటే చేతిపనివాడే. దాత కాబట్టి పేరు చెక్కించుకున్నాడనుకోండి. అయినా రాజు పేరున్న రాతి మీదే తన వృత్తి, తండ్రి వృత్తి, ఇంటిల్లిపాది పేర్లూ వేయించాడు. రాజుకేం తక్కువైంది?

పురస్కారాలిచ్చేవాళ్లు దరఖాస్తులో ఒక గడి పెట్టలేరా: చేసినవారి పేరు, ఊరు, ముట్టిన కూలి?

వాళ్లు పెట్టేదాకా ఆగం. చేసినవారి పేరు లేకుండా హస్తకళల ఫొటో గానీ ప్రకటన గానీ వచ్చే సంచిక నుంచి మా పత్రికలో అచ్చుకాదు. ఈ మాట చెప్పగానే వెనక అట్ట ప్రకటన ఒకటి వెనక్కి పోయింది. ఆ పేజీ ఖాళీగానే వదిలాం.