వ్యాధి పోయినది, కిస్తు నిలిచినది

ఉప్పల్ కూడలి నుండి వరంగల్ పోవు రహదారిపై, అసంపూర్ణముగా నిలిచిన వంతెన స్తంభముల నీడలో, బోడుప్పల్ దాటి నారపల్లి చేరు బాటసారికి 2020 వేసవిలో కనబడిన దృశ్యము నేటికిని మరపునకు రాదు: తాపీయు మట్టపుకఱ్ఱయు సంచిలో వేసికొని, ఆలుబిడ్డలతో కాలినడకన స్వగ్రామము దారి పట్టిన వలస కూలీలు, పారిశ్రామికవాడలో తాళము పడిన గేట్లు, వేకువనే అడ్డాపై చేరి, పిలుచు మేస్త్రీ లేక, ఎండ యెక్కిన పిమ్మట వట్టిచేతులతో మరలిన శ్రామికులు. కరోనా వ్యాధికంటె వారు మిక్కిలి వెఱచినది ఒకటవ తేదీకి. గది అద్దె, ఫైనాన్సు కిస్తు, కిరాణా కొట్టు ఖాతా ఆనాడే కదా వాకిట నిలుచుట!

మహమ్మారి తొలి మాసములలో ఆత్మహత్యలు పెరిగిన జాడ లేదని, 21 దేశముల లెక్కలు పరిశీలించిన వ్యాసమొకటి 2021 ఏప్రిల్‌లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వెలువడగా లోకము ఊరట చెందినది. అవి సంపన్న దేశములో, ఎగువ మధ్యాదాయ దేశములో గాని, వానిలో అల్పాదాయ దేశ మొక్కటియు లేదు. ప్రపంచమున సంభవించు ఆత్మహత్యలలో నూటికి 77 అల్ప, మధ్యాదాయ దేశములలోనివే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నాటి అంచనా.

మన లెక్క వేఱు. జాతీయ నేర గణాంక సంస్థ నివేదికలలో ఆత్మహత్యల సంఖ్య 2019లో 1,39,123, 2020లో 1,53,052, 2021లో 1,64,033. ఈ చివరి యేట నలువురిలో నొకరు, అనగా 42,004 మంది, దినకూలీలు. తెలంగాణలో 2019లో 7,675, మరుసటి యేట 8,058 కాగా, 2021లో 10,171. ఈ పెరుగుదలకెల్ల మహమ్మారియే హేతువనుట సాహసము. పోలీసు పుస్తకమున కెక్కని మరణములును కలవు. అయినను మన రాష్ట్రమున తొలి యేటికంటె మలి యేట పెరుగుదల అధికమగుట యోచింపదగినది. కూడబెట్టినది కరగి, మెడలోని పుస్తెలు కుదువకు పోయి, చేబదులిచ్చు చుట్టము సైతము ముఖము చాటు చేసిన పిమ్మటనే గదా మనుజుడు నిరాధారుడగుట!

ఇక సాయము వచ్చిన తీరు చూడుడు. రిజర్వు బ్యాంకు 2020 ఆగస్టు వరకు కిస్తుల చెల్లింపునకు విరామ మొసగినది గాని, వడ్డీ మాత్రము విరామ మెఱుగదు. ఆ సందున లోన్ యాప్‌లు ప్రవేశించి, క్షణములో అప్పిచ్చి, ఫోనులోని బంధుమిత్రుల కందఱికి ఫోనులు చేసి ఋణగ్రస్తుని పరువు తీయగా, ఆ యవమానమునకు ప్రాణములు విడిచినవారు మన రాష్ట్రమున 2020 డిసెంబరులో వార్తల కెక్కిరి. దీనిపై రిజర్వు బ్యాంకు కార్యబృందమును నియమించినది 2021 జనవరిలో. బడులు 2020 మార్చిలో మూతవడగా, ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటింపబడుటకు 2021 ఏప్రిల్ రావలసివచ్చినది. ఏడాది పస్తుండిన యింటికి అది యే పాటి?

కాబట్టి ఆత్మహత్యను మనోదౌర్బల్యమని తీర్మానించి చేతులు కడుగుకొనుట అధర్మము. 2017 మానసిక ఆరోగ్య చట్టమే, ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగా భావింపుమని చెప్పుచున్నది. 2030 నాటికి ఈ మరణములను నూటికి పది తగ్గింతుమని 2022లో కేంద్రము జాతీయ వ్యూహమును ప్రకటించినది. ఆ మాట నిలువవలెనన్న, ఉపద్రవము వచ్చిన నెలలోనే దినకూలీ చేతికి రొక్కము చేరవలెను. కిస్తుతోపాటు వడ్డీయు ఆగవలెను.

పాఠకులకు నొక మనవి. మీ వాడకట్టులో అద్దె కట్టలేక తల వంచుకొని తిరుగువాడు కనబడిన, నిలిపి పలుకరింపుడు. రేయింబవళ్లు ఉచితముగా పలుకు మానసిక సహాయవాణి టెలీ మానస్ సంఖ్య 14416. దానిని వాని చేత నుంచుడు.